కుక్క జుట్టు అట్టకట్టిందా? ముందు కత్తెర పక్కన పెట్టండి

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకి రాత రూపం. వీడియో చూసే వీలు లేనివాళ్ల కోసం.)

షిట్జూ గురించి చేసిన వీడియో కింద కామెంట్లలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, మా కుక్కకి చెవుల వెనకాల జుట్టు ఉండలు కట్టేసింది. కత్తెరతో కత్తిరించెయ్యొచ్చా?"

ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కత్తిరించొద్దండి. ఎందుకు వద్దు, మరి ఏం చెయ్యాలి, ఎక్కడిదాకా మనం ట్రై చెయ్యాలి, ఎక్కడ ఆపేసి గుండు చేయించెయ్యాలి, ఇవన్నీ ఈ రోజు మాట్లాడుకుందాం. నేను వెటర్నరీ డాక్టర్ని కాదు. ఇందులో సగం మా కుక్కకి వైద్యం చేసిన డాక్టర్ గారి దగ్గర నేర్చుకున్నది, మిగతా సగం నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఆ తప్పు దగ్గర్నుంచే మొదలెడతాను.

మా చిట్టిగాడి కథ

మాది కోనసీమ అండి, అంబాజీపేట దగ్గర ఊరు. ఇంట్లో చిట్టి అని ఒక తెల్ల కుక్క ఉంది. ఊళ్లో అందరూ పామరేనియన్ అంటారు. నిజానికి మన వీధుల్లో పామరేనియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. 1994లో 'హమ్ ఆప్‌కే హై కౌన్' వచ్చింది కదా, మన తెలుగులో 'ప్రేమాలయం', అందులో టఫీ గుర్తుందా? అదే జాతి. మా అమ్మకి ఆ సినిమా పిచ్చి. చిట్టి ఇంటికి రావడానికి అదే కారణం.

రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చుని వాణ్ణి దువ్వేది అమ్మే. మా అక్క డెలివరీకని అమ్మ అమెరికా వెళ్లింది, ఆరు నెలలు. ఇంట్లో నాన్నగారు, చిట్టి. నాన్నగారికి వాడంటే ప్రాణం. టైముకి పెరుగన్నం పెట్టేవారు, తోటకి తీసుకెళ్లేవారు, కాలవలో స్నానం చేయించేవారు. అప్పుడప్పుడు మన తల దువ్వుకునే ప్లాస్టిక్ దువ్వెనతో పైపైన దువ్వేవారు కూడా. ఆయన తప్పేం లేదు. లోపలిదాకా దువ్వాలని ఎవరూ ఆయనకి చెప్పలేదు.

వినాయక చవితికి నేను హైదరాబాద్ నుంచి ఇంటికెళ్లాను. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "చిట్టిగాడు ఏంటి, ఇంత బొద్దుగా అయిపోయాడు?" అంది. నేనూ అదే అనుకున్నాను. దగ్గరికి తీసుకుని పొట్ట కింద చెయ్యి పెడితే తెలిసింది, అది ఒళ్లు కాదు. జుట్టంతా అట్టకట్టి, పరుపు చుట్టినట్టు ఉంది. పైన ఒక అంగుళం మాత్రం తెల్లగా, మెత్తగా. దాని కింద గట్టిగా, చాపలాగా. వాడు నడుస్తుంటే ముందు కాళ్లు పొట్టి పొట్టి అడుగులు వేస్తున్నాయి. నాన్నగారేమో వయసు మీద పడిందనుకున్నారు.

నేనేం చేశానంటే, వంటింట్లోంచి కత్తెర తెచ్చి చెవి వెనక ఉండని పట్టుకుని పైకి లాగి ఒక్క కోత కోశాను. చిట్టి అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నా చెయ్యి కొరికాడు. చూస్తే కత్తెరకి జుట్టుతో పాటు చర్మం కూడా తెగింది, అర అంగుళం. మండల కేంద్రంలో పశువుల ఆసుపత్రికి బైక్ మీద నాన్నగారు వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తీసుకెళ్లాను. మూడు కుట్లు పడ్డాయి వాడికి. నాకు ఇంజెక్షన్లు.

ఒక ముఖ్యమైన మాట. కుక్క కొరికితే, మన కుక్కే అయినా సరే, వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. తర్వాత తప్పకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "మన కుక్కేగా, ఏం కాదులే" అనొద్దు.

డాక్టర్ గారు కుట్లు వేస్తూ ఒకటే అన్నారు. "కత్తెరతో చర్మం తెగి వచ్చే కుక్కలు మాకు కొత్త కాదండి. చర్మం ఎక్కడ ఉందో మీకు కనిపించదు. అసలు సమస్య అదే." ఆ మాట సంగతి ఇప్పుడు చూద్దాం.

జుట్టు అసలు ఎందుకు అట్టకడుతుంది?

మైక్రోస్కోప్‌లో చూస్తే వెంట్రుక నున్నగా ఉండదండి. చేప పొలుసుల్లాగా సన్నటి పొరలు ఉంటాయి. ఊడిన వెంట్రుక కిందికి రాలకుండా పక్క వెంట్రుకల మధ్య ఇరుక్కుంటే, ఆ పొలుసులు ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. తడి తగిలి, రాపిడి తోడైతే ఇంకా బిగుసుకుంటాయి. గొర్రె ఉన్నిని తడిపి రుద్దితే కంబళిలా అట్ట అవుతుంది చూడండి, ఇక్కడ జరిగేదీ అదే.

చిట్టి లాంటి కుక్కలకి రెండు పొరల జుట్టు ఉంటుంది. పైన పొడుగ్గా, కాస్త బిరుసుగా ఉండేది ఒకటి. లోపల దూదిలా మెత్తగా ఉండేది ఇంకోటి. ఊడేది ఎక్కువగా లోపలి దూది. దాన్ని దువ్వి బయటికి తియ్యకపోతే లోపలే ఉండిపోతుంది. షిట్జూ, లాసా లాంటి వాటికి జుట్టు మన తల వెంట్రుకల్లాగా పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి వాటికి చిక్కులు ఇంకా తొందరగా పడతాయి. వాటిల్లో కూడా పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వచ్చే టైము, అంటే సుమారు ఆరు నెలల నుంచి ఏడాది మధ్య, చాలా జాగ్రత్తగా ఉండాలి. "నిన్నటిదాకా బానే ఉందన్నా, వారంలో ఉండలు కట్టేసింది" అని అడిగినవాళ్లూ, మీ కుక్క వయసు ఒకసారి చూసుకోండి.

ఇక మన గోదావరి జిల్లాల సంగతి. జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలారంటే కుక్కలకి పండగే. దూకుతాయి, ఈదుతాయి, గట్టెక్కి దులుపుకుంటాయి, అంతే. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల దూది తడిగానే ఉంటుంది. మన గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు, ఆరేసిన లుంగీ రెండు రోజులైనా ఆరదు. ఇంక కుక్క జుట్టు ఏం ఆరుతుంది?

దానికి తోడు ఉత్తరేణి. వినాయక చవితి పత్రిలో పెడతాం కదా, ఆ మొక్కే. దాని గింజలు ప్యాంటుకి ఎలా అంటుకుంటాయో పొలం గట్ల మీద తిరిగినవాళ్లకి తెలుసు. కుక్క జుట్టులో దూరిన ఒక్క గింజ చుట్టూ వెంట్రుకలు చుట్టుకుని వారం తిరిగేసరికి ఉసిరికాయంత ఉండ అవుతుంది. పల్లేరు కాయలదీ అదే పని. చిట్టి చంకలో తీసిన ఉండ మధ్యలో నాకు దొరికినవి ఉత్తరేణి గింజలే.

ఇది అందం గొడవ కాదు

చాలామంది ఇది చూడ్డానికి బాలేదనే దగ్గరే ఆగిపోతారు. మీ తలలో ఒక పాయని పట్టుకుని గట్టిగా మెలితిప్పి, పిన్ను పెట్టి రోజంతా వదిలెయ్యండి. ఎలా ఉంటుంది? కుక్కకి అలాంటివి ఒంటి నిండా ఉంటాయి. అడుగు వేసిన ప్రతిసారీ చంకలో లాగుతుంది, పడుకుంటే తొడ దగ్గర లాగుతుంది. చెప్పడానికి దానికి నోరు లేదు.

అట్ట కింద చర్మానికి గాలి ఆడదు. తడి అక్కడే ఉంటుంది. ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, గోక్కుంటే పుండవుతుంది. పిడుదులకి, మన వైపు కొంతమంది గోమార్లంటారు, ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. పైనుంచి ఎంత మందు కొట్టినా కిందికి దిగదు. పిడుదుల వల్ల టిక్ ఫీవర్ వస్తుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. వానాకాలంలో పుండు మీద ఈగ వాలి గుడ్లు పెడితే పురుగులు పడతాయి. వాసన వచ్చేదాకా ఇంట్లోవాళ్లకి తెలియదు, ఎందుకంటే పైన జుట్టు తెల్లగానే కనిపిస్తుంది.

ముందు ఎక్కడెక్కడ చూడాలి

ఫోన్ పక్కన పెట్టి, మీ కుక్కని దగ్గరికి తీసుకుని చేత్తో చూడండి. కళ్లతో కాదు, వేళ్లతో. చెవుల వెనకాల. మెడకి పట్టీ ఉండే చోట. ముందు కాళ్ల చంకలు. పొట్ట కింద గజ్జలు. వెనక తొడల మీద కుచ్చులా ఉండే జుట్టు. తోక మొదలు. కాలి వేళ్ల మధ్య. రాపిడి ఎక్కడుంటే అక్కడే ఉండలు కడతాయి, అంతే లాజిక్. గోల్డెన్ రిట్రీవర్ ఉన్నవాళ్లు చెవుల వెనక, కాళ్ల వెనక, తోక కింద తప్పకుండా చూడండి. లాబ్రడార్, మన వీధి కుక్కలు, వీటికి పొట్టి జుట్టు కాబట్టి ఈ బాధ దాదాపు ఉండదు.

తర్వాత దువ్వెన టెస్ట్. స్టీల్ దువ్వెన పళ్లు చర్మానికి తగిలేలా పెట్టి చివరిదాకా లాగండి. ఆగకుండా వచ్చిందా, ఓకే. ఆగిందా, అక్కడ చిక్కు ఉంది. బ్రష్ వెళ్లింది కదా అని నమ్మొద్దు. బ్రష్ పైన జారిపోతుంది, నాన్నగారు ఆరు నెలలు మోసపోయింది అక్కడే.

ఏమేం కావాలి

పెద్ద లిస్ట్ ఏం లేదండి. ఒకటి, స్టీల్ దువ్వెన. ఒక సగం పళ్లు దూరంగా, ఇంకో సగం దగ్గరగా ఉండేది. రెండు, స్లికర్ బ్రష్. అంటే చదరంగా ఉండి సన్నటి వంకర తీగలు ఉండేది. ఇది కొనగానే ముందు మీ మోచేతి లోపలి వైపు గీసుకుని చూడండి. మీకు మండితే కుక్కకీ మండుతుంది, అంత నెమ్మదిగా వాడాలని అర్థం. మూడు, కుక్కల కోసం దొరికే డీటాంగ్లింగ్ స్ప్రే. అది లేకపోతే వంటింట్లో ఉండే కార్న్‌ఫ్లోర్ చిటికెడు. ఉండలోకి రుద్దితే వెంట్రుకల మధ్య రాపిడి తగ్గి, జారుతాయి.

కొబ్బరి నూనె వాడొచ్చా అని కోనసీమ వాళ్లు అడక్కుండా ఉండరు. చిన్న చిక్కుకి రెండు చుక్కలు వేళ్లకి రాసుకుని పట్టిస్తే జారుడు వస్తుంది, తప్పు లేదు. కానీ ఒళ్లంతా పట్టించొద్దు. దుమ్ము పట్టి ఇంకా అట్టకడుతుంది, కుక్క నాకితే విరేచనాలు కూడా పట్టుకుంటాయి. వాడితే తర్వాత షాంపూతో కడిగెయ్యాలి. కిరసనాయిలు, టీ ట్రీ ఆయిల్, ఇవి మాత్రం అస్సలు వద్దు. కుక్కలకి విషం.

స్నానం ముందా, దువ్వడం ముందా?

అందరూ చేసే తప్పు ఇక్కడే. "మురికిగా ఉంది, ముందు స్నానం చేయించి తర్వాత దువ్వుదాం" అనుకుంటారు. రివర్స్ అండి. ఇందాక చెప్పాను కదా, తడి, రాపిడి కలిస్తే బిగుసుకుంటుందని. షాంపూ పెట్టి రుద్దితే విడదీయగలిగే ఉండ కూడా రాయి అయిపోతుంది. చిక్కులన్నీ తీశాక, దువ్వెన టెస్ట్ పాసయ్యాకే స్నానం.

చిక్కు తీసే పద్ధతి

ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో పొడుగు జుట్టుకి చిక్కు తీస్తుంటే చూసే ఉంటారు. కుదుళ్ల దగ్గర ఎడం చేత్తో గట్టిగా పట్టుకుంటుంది. కుడిచేత్తో కింద చివర్ల నుంచి మొదలెడుతుంది. కొంచెం విడిపోయాక ఇంకొంచెం పైకి. పైనుంచి కిందికి ఒక్కసారిగా లాగదు. కుక్కకీ అచ్చం అదే.

మొదటిది, టైము చూసుకోండి. కుక్క తిని, తిరిగి, అలిసిపోయి ఉన్నప్పుడు కూర్చోండి. పది పదిహేను నిమిషాలు చాలు. ఒక్క రోజులో అన్నీ తీసెయ్యాలన్న పట్టుదల వద్దు. ఇష్టమైన తిండి చిన్న ముక్కలు పక్కన పెట్టుకోండి, మధ్యమధ్యలో ఒకటి ఇస్తుండండి.

రెండోది, ఉండని వేళ్లతో పట్టుకుని స్ప్రే గానీ కార్న్‌ఫ్లోర్ గానీ పట్టించి, రెండు నిమిషాలు ఆగండి. తర్వాత వేళ్లతోనే మెల్లగా విడదియ్యండి. పెద్ద ఉండని రెండు ముక్కలుగా, ఆ రెంటిని నాలుగుగా. ఉత్తరేణి గింజ దొరికితే ముందు దాన్ని తీసెయ్యండి, సగం పని అయిపోతుంది.

మూడోది, చర్మానికి, ఉండకి మధ్య జుట్టుని ఎడం చేతి వేళ్లతో నొక్కి పట్టుకోండి. లాగుడంతా మీ వేళ్ల మీద పడాలి, కుక్క చర్మం మీద పడకూడదు. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు, కుక్క మీ దగ్గర కూర్చుంటుంది.

నాలుగోది, దువ్వెన దూరం పళ్ల వైపుతో ఉండ చివర మాత్రమే గీరండి. అర అంగుళం విడిపోయాక ఇంకో అర అంగుళం లోపలికి. విడిపోయిన దూది బ్రష్‌కి వచ్చేస్తుంది. చివర్లో దగ్గర పళ్లతో ఒకసారి.

ఐదోది, చిక్కులు పోయాక పాపిడి తీసినట్టు జుట్టుని పాయలుగా విడదీసి, చర్మం కనిపించే గీత దగ్గర్నుంచి దువ్వండి. ఒక వరస అయ్యాక దాని పైన ఇంకో వరస. ఒళ్లంతా ఇలా చేస్తేనే దువ్వినట్టు.

మధ్యలో కుక్క పెదాలు నాక్కుంటున్నా, తల పక్కకి తిప్పేస్తున్నా, కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తున్నా, అది "ఆపు" అంటోందని. గుర్రుమనేదాకా ఆగొద్దు. ఆపెయ్యండి, రేపు మళ్లీ.

కత్తెర ఎందుకు వద్దంటే

డాక్టర్ గారు నాకు చూపించిన విషయం. ఉండ లాగినప్పుడు దానితో పాటు చర్మం కూడా పైకి లేస్తుంది, చిన్న గుడారంలాగా. కుక్క చర్మం మన చర్మంలా అతుక్కుని ఉండదు, వదులుగా ఉంటుంది. మీరు జుట్టు కోస్తున్నాననుకుంటారు, కోసేది ఆ గుడారం కొసని. చెవి వెనక, చంకలో చర్మం కాగితం లాగా పల్చగా ఉంటుంది. అందుకే మన ఇళ్లల్లో తెగేది ఎక్కువ అక్కడే. ఇద్దరు మనుషులు పట్టుకున్నా, కుక్క ఒక్కసారి కదిలితే చాలు.

ఎప్పుడు ఆపెయ్యాలి

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. చాలామందికి మింగుడుపడనిది ఇదే.

దువ్వెన పన్ను ఉండకి, చర్మానికి మధ్య దూరకపోతే. ఉండ మీ అరచేతికన్నా పెద్దదైతే, లేదా పక్కపక్క ఉండలన్నీ కలిసి చాపలా అయిపోతే. కింద తడిగా ఉన్నా, వాసన వస్తున్నా, పురుగు కనిపించినా. ముట్టుకుంటేనే కుక్క ఏడుస్తున్నా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చిక్కు తియ్యడం మానెయ్యండి. ట్రిమ్మర్‌తో చర్మం దగ్గరికి తీసెయ్యడమే మార్గం. అది గ్రూమర్ చెయ్యాలి. పుండ్లు ఉన్నా, కుక్క ముసలిదైనా, బాగా భయపడుతున్నా వెటర్నరీ డాక్టరే, అవసరమైతే మత్తిచ్చి చెయ్యాలి. మీరు ఇంట్లో మనుషుల నిద్ర మాత్రలు, నొప్పి మాత్రలు ఇవ్వకండి. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కిడ్నీలు పోగొడతాయి.

గ్రూమర్ దగ్గరికెళ్లి చాలామంది అడుగుతారు, "కొంచెం పొడుగు ఉంచి కత్తిరించండి, మరీ గుండు వద్దు" అని. అది కుదరదండి. ట్రిమ్మర్ బ్లేడు అట్టలోంచి వెళ్లలేదు, అట్ట కింద నుంచే వెళ్లాలి. దానికి వాడేది మామూలుగా 10వ నంబర్ బ్లేడు. అది ఉంచే జుట్టు 1.5 మిల్లీమీటర్లు. గ్రూమర్ మీ మాట విని మూడు గంటలు లాగి లాగి చిక్కు తీశాడనుకోండి, మీరు కాపాడింది జుట్టుని. నరకం చూసింది కుక్క. ఆ తర్వాత అది జన్మలో దువ్వెన దగ్గరికి రాదు.

తీసేటప్పుడు మీరు పక్కనే ఉంటే రెండు చూడండి. బ్లేడు వేడెక్కుతుంది, నాలుగైదు నిమిషాలకోసారి ఆపి ముట్టుకుని చూడమనండి. చెవుల మీద అట్ట తీశాక, అక్కడ బిగుసుకుపోయిన రక్తం ఒక్కసారిగా పారుతుంది. దురదకి కుక్క తల విదిలిస్తూనే ఉంటుంది, దాంతో చెవి డొప్పలో రక్తం చేరి బూరెలా ఉబ్బొచ్చు. ఒకట్రెండు రోజులు చెవులు గమనించండి, ఉబ్బితే వెంటనే డాక్టర్ దగ్గరికి.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. నేను గుండు చేయించమన్నది అట్టకట్టినప్పుడు మాత్రమే. రాజమండ్రి ఎండలకి తట్టుకోలేదని ప్రతి ఏప్రిల్‌లో స్పిట్జ్‌కి, గోల్డెన్‌కి గుండు కొట్టించేవాళ్లు ఉన్నారు. అది వద్దు. కుక్క మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పుతూ చల్లబడుతుంది. శుభ్రంగా దువ్విన రెండు పొరల జుట్టు దానికి ఎండ నుంచి గొడుగు లాంటిది. పైగా ఈ జాతుల్లో కొన్నిటికి ఒకసారి బాగా దగ్గరికి తీస్తే జుట్టు నెలల తరబడి సరిగ్గా రాకపోవచ్చు, మచ్చలు మచ్చలుగా రావచ్చు. మరి చిట్టికి ఎందుకు చేయించారంటే, నొప్పి ఇప్పుడుంది, జుట్టు తర్వాతి సంగతి. ఆ రెంటిలో ఏది ముందో ఆలోచించాల్సిన పనే లేదు.

తర్వాత ఏమైందంటే

చెవి కుట్లు వేశాక డాక్టర్ గారు చిట్టికి అదే మత్తులో మొత్తం తీసేశారు. జుట్టు విడివిడిగా రాలేదండి. దుప్పటి ఒలిచినట్టు ఒకే ముక్కగా వచ్చింది. కింద వాడు సగం కూడా లేడు. రెండు చంకల్లో ఎర్రటి పుండ్లు, చెవుల కింద వరసగా పిడుదులు. నాన్నగారు ఏం మాట్లాడలేదు. బయటికెళ్లి బైక్ దగ్గర నిలబడ్డారు. ఇంటికొచ్చేప్పుడు దారిలో ఒక్క మాట అన్నారు. "రోజూ అన్నం పెట్టాను రా. చేత్తో నిమిరాను. నాకెందుకు తెలియలేదు?"

నేనేం చెప్పలేకపోయాను. వీడియో చెయ్యాలని అనిపించింది ఆ మాటకే. మనలో చాలామంది కుక్కల మీద ప్రేమ లేక ఇలా చెయ్యం. చూపించేవాళ్లు లేక చేస్తాం.

వారం రోజులు నాన్నగారు చిట్టిని వీధిలోకి తీసుకెళ్లలేదు. "గుండేంటండీ, తిరుపతి మొక్కా?" అని ఒకాయన గేటు దగ్గర నవ్వాడు. నాన్నగారికి ఎక్కడో తగిలింది. చిట్టికి మాత్రం అవేం పట్టలేదు. మూడో రోజుకే మెట్లు ఎక్కాడు. ఆరు నెలలుగా ఎక్కనివాడు, వయసైపోయిందనుకున్నవాడు, మెట్లెక్కి డాబా మీద పిట్టల్ని తరిమాడు. అప్పుడు తెలిసింది, వాడికి వచ్చింది వయసు కాదని.

జుట్టు తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. తోక దగ్గర ఇప్పటికీ కొంచెం పలచనే. అమ్మ తిరిగొచ్చింది కానీ దువ్వెన మాత్రం తీసుకోలేదు, నాన్నగారు ఇవ్వలేదు. రాత్రి ఏడు గంటల వార్తలప్పుడు ఆయన కుర్చీలో, చిట్టి కాళ్ల దగ్గర. చంకలు, చెవుల వెనక, తొడలు, వరసగా. మర్చిపోతే చిట్టే వెళ్లి దువ్వెన ఉన్న సొరుగు దగ్గర కూర్చుంటాడు.

రోజూ ఏం చెయ్యాలి, ఐదు ముక్కల్లో

షిట్జూ, లాసా లాంటి పొడుగు జుట్టు వాటికి రోజూ ఐదు పది నిమిషాలు. స్పిట్జ్, గోల్డెన్ అయితే వారానికి రెండు మూడు సార్లు, జుట్టు ఎక్కువ ఊడే రోజుల్లో రోజూ. స్టీల్ దువ్వెనతో, చర్మం దగ్గర్నుంచి.

కాలవలో ఈదితే ఇంటికొచ్చాక మంచి నీళ్లు పోసి, టవల్‌తో రుద్దకుండా అద్దండి. ఫ్యాన్ కింద కూర్చోబెట్టి దువ్వుతూ ఆరబెట్టండి. లోపలి దూది ఆరేదాకా.

ఇంట్లో ఉన్నప్పుడు మెడ పట్టీ, హార్నెస్ తీసెయ్యండి. రాపిడి తగ్గుతుంది.

పొలం నుంచి రాగానే వేళ్ల మధ్య, చంకల్లో ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు చూసి తీసెయ్యండి. రేపటికి వదిలితే ఉండ అవుతుంది.

టైము లేదు, కుదరదు అనుకునేవాళ్లు షిట్జూకి రెండు నెలలకోసారి పొట్టిగా కత్తిరింపు పెట్టించెయ్యండి, సిగ్గుపడాల్సింది ఏం లేదు. పొడుగు జుట్టు ఇన్‌స్టాలో బాగుంటుంది, పొట్టి జుట్టు కుక్కకి బాగుంటుంది.

ఇంకోటి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల దగ్గర కుక్కని వదిలి హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉంటున్నవాళ్లకి. ఈ రాత్రి వీడియో కాల్ చేసినప్పుడు "కుక్క తిందా?" అని అడగడంతో ఆపకండి. "చంకలో చెయ్యి పెట్టి చూడండి, ఉండలేమైనా తగులుతున్నాయా?" అని అడగండి. ఒక్క నిమిషం పని.

మీ కుక్కకి చిక్కు ఎక్కడుందో, దువ్వెన దూరుతోందో లేదో కామెంట్‌లో రాయండి. నాకు తెలిసింది చెప్తాను, తెలియంది డాక్టర్ గారిని అడిగి చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో పిడుదుల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటానండి, నమస్తే. చిట్టిగాడు కూడా బై చెప్తున్నాడు... చెప్పరా... సరే, వాడి దృష్టంతా దువ్వెన మీదే ఉంది.